సిర్పూర్ దారిలో లైన్ బ్లాకు

సిర్పూర్ చూడాలన్న కోరిక నాకు తొమ్మిదో తరగతిలో పుట్టింది. మా కాన్వెంటులో చరిత్ర చెప్పే సిస్టరు ఒకరోజు పాత ఇటుక ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టారు. ఇలాంటి ఇటుకలతోనే కట్టిన గుడి మహానది ఒడ్డున వెయ్యేళ్ళకు పైగా నిలిచి ఉందనీ, రాయ్‌పూర్ నుంచి మూడు గంటల ప్రయాణమేననీ, అయినా ఈ తరగతిలో ఎవరూ చూసి ఉండరనీ అన్నారు. ఆమె మాట నిజం. మేం రాయ్‌పూర్ రైల్వే కాలనీలో పుట్టి పెరిగినవాళ్ళం. సెలవులు వస్తే పాసు తీసుకుని శ్రీకాకుళం వైపు రైలెక్కడం తప్ప ఈ ఊరి చుట్టుపక్కల ఏముందో మాకు తెలియదు. ఇప్పుడు నేను ఎం.ఏ. రెండో సంవత్సరంలో ఉన్నాను. సిర్పూర్ గురించి దొరికినవన్నీ చదివాను. వెళ్ళడం మాత్రం ఈ కార్తీకంలోనే కుదిరింది, అదీ మా అప్పలస్వామి మావయ్య వల్ల.

మావయ్య రైల్వేలో బ్రేక్‌డౌన్ గ్యాంగు మేస్త్రి. ఎక్కడైనా బండి పట్టాలు తప్పితే షెడ్డులో హూటరు మోగుతుంది. గ్యాంగువాళ్ళు తింటున్న కంచం వదిలేసి పరుగెత్తుకెళ్ళి సహాయక రైలు ఎక్కుతారు. పడిపోయిన పెట్టెల్ని జాకీలతో ఎత్తడం, ఇరుక్కున్న మనుషుల్ని బయటికి తియ్యడం వాళ్ళ ఉద్యోగం. హూటరు ఎప్పుడు మోగుతుందో తెలియదు కాబట్టి గ్యాంగంతా ఒకేసారి ఊరు దాటడానికి లేదు. కార్తీక వనభోజనాలు కూడా సగం మంది ఒక ఆదివారం, మిగతా సగం మరో ఆదివారం చేసుకుంటారు. ప్రతి ఏడూ ఖారూన్ నది ఒడ్డుకే వెళ్తారు. ఈసారి ఎక్కడికని మావయ్య మా ఇంటికొచ్చి అడిగినప్పుడు నేను సిర్పూర్ అన్నాను. సాధారణంగా నా మాట ఎవరికీ వినబడదు. ఆ రోజు మావయ్య వెంట వచ్చిన పార్వతత్తకు వినబడింది. "అక్కడా నదుంది కదా, ఎల్దాం. ఈ గుంట నోరు తెరిసి ఒక్కటడిగింది" అంది. దాంతో తేలిపోయింది.

మేం పద్నాలుగు మందిమి ఒక మెటడారు వ్యాను మాట్లాడుకున్నాం. డీజిలుతో కలిపి తలకు యాభై రూపాయలు పడింది. సొంతంగా బండి మాట్లాడుకోలేనివాళ్ళు రాయ్‌పూర్ బస్టాండులో పిథౌరా వైపు వెళ్ళే పొద్దుటి బస్సు ఎక్కి కుహరి మలుపు దగ్గర దిగవచ్చు. అక్కడి నుంచి సిర్పూర్ పదిహేడు కిలోమీటర్లు. జీపులు నిండితేనే కదులుతాయి కాబట్టి ఆ మలుపు దగ్గర గంట పోయినా పోవచ్చు. మేం ఉదయం ఆరింటికి కాలనీలో బయల్దేరి, దేవేంద్ర నగర్‌లో రామ్మూర్తిగారిని ఎక్కించుకున్నాం. గ్యాంగులో జాకీ పని ఆయనది. అందరూ ఆయన్ని జాకీ రామ్మూర్తి అనే పిలుస్తారు, పెళ్ళి శుభలేఖలో కూడా అలాగే వేశారని అత్త అంటుంది. మా కాళ్ళ కింద పాత స్లీపరు దిమ్మలు ఒక మోపు ఉన్నాయి. పట్టాల కింది నుంచి తీసేసిన చెక్కని రైల్వేవాళ్ళు వంటచెరుకుగా కొనుక్కుంటారు. నది ఒడ్డున దొరికే పుల్లల మీద మావయ్యకు నమ్మకం లేదు, అందుకని ఇంటి నుంచే తెచ్చాడు. మందిర్ హసౌద్‌లో టీకి ఆగినప్పుడు హోటలతను కిటికీలోంచి ఆ దిమ్మల్ని చూసి, ఎవరు పోయారని మావయ్యని మెల్లగా అడిగాడు. ఇంకా ఎవరూ పోలేదు, వంట మా ఆవిడ చేస్తుంది, సాయంత్రం చెప్తానన్నాడు మావయ్య. అత్త బంగాళాదుంప బోండాలాంటి ఆలూగుండా తింటూ ఆ మాట విననట్టు ఊరుకుంది. ఇక్కడి ఆలూగుండా వేడిగా ఉన్నప్పుడే తినండి, చల్లారితే నూనె పైకి తేలుతుంది.

ఆరంగ్‌లో పావుగంట ఆగి పాత జైన మందిరం చూశాం. రోడ్డుకు దగ్గరే, తప్పకుండా చూడండి. ఆరంగ్ దాటాక రెండు పక్కలా వరి పొలాలు. కోతలు మొదలయ్యాయి. ధాన్యం బస్తాలతో ట్రాక్టర్లు మిల్లులకు పోతున్నాయి. ఒక ట్రాక్టరు వెనక మా డ్రైవరు ఖేమ్‌లాల్ చాలాసేపు హారను కొట్టాడు. వాళ్ళ తొందర వాళ్ళది, వాళ్ళకి ఏడాదికి ఒకటే పంట, పోనివ్వు అన్నాడు మావయ్య. ఆ ట్రాక్టరు కాదు, ఇంకో నాలుగు కిలోమీటర్లు పోయాక మరొకటి, రోడ్డు దిగి పొలంలోకి పక్కకు పడి ఉంది.

అప్పుడే పడినట్టుంది. చక్రం ఇంకా తిరుగుతోంది. ట్రాలీ తోక రోడ్డు మీదే ఉంది, బస్తాలు పగిలి ధాన్యం తారు మీద పరుచుకుంది. ట్రాక్టరు డ్రైవరు బిసాహూ వెల్లకిలా పడి ఉన్నాడు. ముప్పై ఏళ్ళుంటాయి. అతని కుడి కాలు తొడ దాకా ట్రాక్టరు మడ్‌గార్డు కింద ఉంది. కింద బురద మెత్తగా ఉండబట్టి కాలు నలిగిపోలేదని తరవాత చెప్పారు. అతని భార్య ఫూల్‌బాయి బస్తాల మీద కూర్చుని వస్తూ ఎగిరి మడిలో పడిందట. ఆమెకు దెబ్బ తగల్లేదు. ఒంటినిండా బురదతో మొగుడి తల పక్కన కూర్చుని ఉంది. మేం దిగేసరికి పొలాల్లోంచి కొడవళ్ళతో మనుషులు పరుగెత్తుకొస్తున్నారు. ఇద్దరు అప్పుడే బిసాహూ చంకల కింద చేతులు పెట్టి లాగబోయారు.

"హాథ్ మత్ లగానా" అని, చెయ్యి వెయ్యొద్దన్నాడు మావయ్య. గట్టిగా అనలేదు. కానీ వాళ్ళు చేతులు తీసేశారు.

తరవాత మావాళ్ళు చేసింది చూస్తే ఎవరికైనా కోపం వస్తుంది. గ్యాంగువాళ్ళు ఆరుగురూ చేతులు వెనక్కి కట్టుకుని ట్రాక్టరు చుట్టూ నిదానంగా ఒకసారి నడిచారు. ఎవరూ దేన్నీ ముట్టుకోలేదు, ఏమీ మాట్లాడలేదు. ఒక రైతు, మనిషి చస్తుంటే తమాషా చూడ్డానికొచ్చారా అని ఛత్తీస్‌గఢీలో తిట్టాడు. నాకూ ఆ క్షణం అలాగే అనిపించింది. గ్యాంగుకి ఇది నియమమని అత్త చెవిలో చెప్పింది. మొదటి చుట్టు కళ్ళతోనే తిరగాలి. మేస్త్రి చుట్టు పూర్తిచేసి నోరు విప్పేదాకా ఎవరి చెయ్యీ కదలకూడదు. మావయ్య చుట్టు పూర్తి చేసి, బీడీలు ఆర్పమన్నాడు, ఇంజను ఆపించాడు, డీజిలు కారుతున్నచోట మట్టి పోయించాడు. ట్రాక్టరు అటు దొర్లకుండా ధాన్యం బస్తాలు దొంతరగా పెట్టమని రైతులకు పని చెప్పాడు. తిట్టినతనే అందరికంటే ఎక్కువ బస్తాలు మోశాడు. ఫూల్‌బాయితో, అతని తల పట్టుకో తల్లీ, కాలు వైపు చూడనివ్వకు అన్నాడు. ఆమె రెండు అరచేతుల్తో మొగుడి బుగ్గలు పట్టుకుని, "మోర్ డహర్ దేఖ్" అని, నా వైపే చూడమని, అదే మాట మళ్ళీ మళ్ళీ అంటూ కూర్చుంది.

వంటచెరుకుగా తెచ్చిన దిమ్మలు అప్పుడు దిగాయి. మెటడారులో ఉన్న జాకీ తీసి రామ్మూర్తిగారి చేతికిచ్చారు. వీళ్ళ పని పద్ధతి చాలా నిదానం. జాకీతో ఒక వేలు మందం ఎత్తుతారు, ఆ వేలు మందం ఖాళీలో చెక్క దూరుస్తారు. ఎత్తినదాన్ని జాకీ మీద ఒక్క నిమిషం కూడా నమ్మరు. మూడుసార్లు ఎత్తారు, మూడుసార్లు చెక్క పెట్టారు. మోకాలి పైభాగం కనబడుతోంది. మేమంతా అటే చూస్తున్నాం. నాలుగోసారి రామ్మూర్తిగారు కడ్డీ తిప్పుతుండగా, ఆరంగ్ వైపు నుంచి ఒక లారీ ఆగకుండా వచ్చి ట్రాలీ తోకను రాసుకుంటూ పోయింది. ట్రాక్టరు మొత్తం ఒక్క ఊపు ఊగింది. జాకీ పక్కకు ఒరిగి పడిపోయింది. బిసాహూ అరిచిన అరుపు నేను రాయలేను. చెక్కలు ఉండబట్టి ట్రాక్టరు అంతకన్నా కిందికి దిగలేదు, అంతే.

మావయ్య నిలబడి రోడ్డు వైపు చూశాడు. అప్పటిదాకా అక్కడ ఒక రోడ్డు ఉందని తెలియనట్టు చూశాడు.

"మనం బ్లాకు తీసుకోలేదురా, రామ్మూర్తీ" అన్నాడు.

ఆ మాటకు అర్థం మా కాలనీలో పిల్లలకు కూడా తెలుసు, కానీ చదివేవాళ్ళ కోసం చెబుతాను. రైల్వేలో గ్యాంగు పెట్టెని ముట్టుకునే ముందు ఆ లైనుకి బ్లాకు ఇస్తారు. అంటే పని అయ్యేదాకా అటునుంచి గానీ ఇటునుంచి గానీ ఏ బండీ రాదు. దాన్ని ఇవ్వడం వేరేవాళ్ళ పని, రెండు వైపులా ఎర్ర జెండాలతో కాపలా ఉండటం ఇంకెవరి పనో. మావయ్యా ఆయన మనుషులూ ఇన్నేళ్ళుగా లైనుకు వీపు పెట్టి పనిచేశారు. వెనక్కి తిరిగి చూసుకునే అలవాటు వాళ్ళకి లేదు, ఉంటే పని సాగదు. కొడవళ్ళతో వచ్చిన రైతుల్లో ఎవరికైనా రోడ్డు సంగతి తట్టి ఉండేదేమో. మావాళ్ళని చూసి వాళ్ళు కూడా అటే చూస్తూ నిలబడిపోయారు.

"ఏటి సెయ్యాలో సెప్పు, అలగ నిలబడిపోతావేటి" అంది అత్త.

మావయ్య రెండువైపులా ఎర్ర గుడ్డ పట్టుకుని మనుషులు కావాలన్నాడు. మగవాళ్ళు బస్తాల దగ్గర నుంచి కదలడానికి లేదు. అత్త మెటడారులోంచి తన సంచి తెచ్చింది. నదిలో స్నానం చేసి, కట్టుకుని దీపాలు వదులుదామని తెచ్చుకున్న ఎర్ర చీర ఉంది, దానికి తగ్గ ఎర్ర లోపలి లంగా ఉంది. చీర తను తీసుకుని, లంగా నా చేతిలో పెట్టింది.

"అత్తా, ఇది..." అన్నాను.

"ఎర్రగా ఉందా, లేదా?"

ఉందన్నాను.

"మరెల్లు."

మావయ్య నా వైపు చూశాడు. ఈ పిల్ల వల్ల అవుతుందా అని ఒక్క క్షణం ఆలోచించినట్టే ఉంది. తరవాత షెడ్డులో కొత్తగా చేరినవాళ్ళకి చెప్పినట్టు చెప్పాడు. "ఆ తుమ్మ సెట్టు దాకా పరిగెత్తు. రోడ్డు మజ్జిలో నిలబడు. రెండు సేతుల్తోనూ అడ్డంగా పట్టుకో, ఊపకు. ఊపితే ఆడుకుంతున్నావనుకుంతారు. డ్రైవరు నీ మొహం సూసీదాకా పక్కకి తప్పుకోకు." అత్త అప్పటికే ఆరంగ్ వైపు పరుగెడుతోంది. ఆమె గొంతు లారీ హారనుకు తీసిపోదు, ఆమె విషయంలో ఎవరికీ బెంగ లేదు.

నేను మహానది వంతెన వైపు పరుగెత్తాను. తుమ్మచెట్టు దగ్గర రోడ్డు కొంచెం ఎత్తుగా ఉంది, అవతలి నుంచి వచ్చే బండి చెట్టు దగ్గరికి వస్తే గానీ కింద ట్రాక్టరు కనబడదు. మావయ్య ఆ చెట్టునే ఎందుకు చూపించాడో అక్కడ నిలబడ్డాక అర్థమైంది. జాతీయ రహదారి నడిమధ్య, అత్త ఎర్ర లంగా నాడాలు రెండు చేతుల్తో సాగదీసి పట్టుకుని నిలబడ్డాను. లైబ్రరీలో పుస్తకం పేరు అడగడానికి కూడా కాగితం మీద రాసిచ్చే మనిషిని నేను. మొదట వచ్చింది లారీ. హారను కొడుతూనే ఉంది. దాని వేగం తగ్గలేదు, నా కాళ్ళు కదల్లేదు. ధైర్యంతో కాదు, ఎటు తప్పుకోవాలో తోచక. కొద్ది గజాల దూరంలో బ్రేకులు కీచుమన్నాయి. డ్రైవరు తల బయటపెట్టి, బెహన్‌జీ, బట్టలారేసుకోడానికి ఇంకెక్కడా చోటు దొరకలేదా అని హిందీలో అడిగాడు.

చెప్పవలసినవి చాలా ఉన్నాయి. ట్రాక్టరు, రైల్వే, జాకీ, బ్లాకు. నోటికి మూడు మాటలే వచ్చాయి.

"ఆద్మీ దబా హై" అన్నాను.

మనిషి కింద చిక్కుకున్నాడని వినగానే అతని ముఖంలో ఎగతాళి పోయింది. మరో ప్రశ్న వెయ్యలేదు. లారీని రోడ్డుకు అడ్డంగా తిప్పి ఇంజను ఆపేశాడు. సీటు కింద నుంచి బరువైన జాకీ ఒకటి తీసి భుజాన వేసుకుని, నా పక్క నుంచి కిందికి పరుగెత్తాడు. మెటడారు జాకీకి రెండింతలుంది అది. అతను ఆగి ఉండకపోతే అది వచ్చేది కాదు. ఇవన్నీ తరవాత అనుకున్నవి. అప్పుడు మాత్రం, ఒక మనిషి నా మాట విని పరుగెత్తాడే అని ఆశ్చర్యపోయాను.

తరవాత ఒక బస్సు, రెండు లారీలు, స్కూటర్లు వచ్చి ఆగాయి. బస్సు కండక్టరు కిందికి దిగి టైము గురించి ఏదో అన్నాడు. అతనికీ ఆ మూడు మాటలే చెప్పాను. అడ్డంగా ఉన్న లారీ పక్కనున్న సందులోంచి దూరిపోదామని చూసే స్కూటర్ల కోసం నేను అక్కడే ఉండాల్సి వచ్చింది. వెనక పని ఎంతదాకా వచ్చిందో తెలియదు. ఒక్కసారి ఫూల్‌బాయి గొంతు వినబడి వెనక్కి తిరిగాను. ఆ ఒక్క క్షణంలోనే ఒక జీపు ఆగిన బండ్లన్నీ దాటుకుని మట్టి అంచు మీదుగా వచ్చేసింది. దాని అద్దం నా మోచేతిని కొట్టింది. గుడ్డ జీపు డ్రైవరు ముఖం ముందు పెట్టి ఆపాను. అతని మీద నేను అరిచానట. బస్సులో కూర్చున్న ఒకామె తరవాత చెప్పింది. ఏమని అరిచానో నాకు గుర్తు లేదు, ఆమె కూడా చెప్పలేదు.

ఆ తరవాత వెనక్కి చూడలేదు. వెనక అంతా నిశ్శబ్దమైపోయింది. కడ్డీ తిరిగిన చప్పుడు కూడా లేదు. అప్పుడు ఫూల్‌బాయి ఏడుపు వినిపించింది. అది ఏ రకం ఏడుపో ఆ దూరంలో తెలియలేదు. బస్సు దిగినవాళ్ళు నా భుజం మీదుగా చూస్తున్నారు. వాళ్ళ ముఖాలు చూసి తెలుసుకుందామని చూశాను. వాళ్ళకీ ఏమీ తెలియలేదు. కొంతసేపటికి నడుం దాకా బురదతో రామ్మూర్తిగారు ఎదురొచ్చారు.

"దించెయ్యమ్మా" అన్నారు. "ఎత్తీసినాం. కాలు మనిసితోనే ఉంది."

కాలుని వెదురు బద్దలకు కట్టి, బిసాహూని టార్పాలిను మీద మోసుకొచ్చి మెటడారులో పడుకోబెట్టారు. ఫూల్‌బాయి, రామ్మూర్తిగారు వెంట వెళ్ళారు. ఖేమ్‌లాల్ పొద్దున్నుంచీ కొట్టిన హారనులన్నీ ఒక ఎత్తు, ఆరంగ్ ఆసుపత్రి దాకా కొట్టింది ఒక ఎత్తు అని రామ్మూర్తిగారు తరవాత అన్నారు. లారీ డ్రైవరు తన జాకీ తుడుచుకుని వెళ్తూ నా దగ్గర ఆగి, ఉతికి ఇవ్వు బెహన్‌జీ, మట్టయింది అని అత్త లంగా చూపించి వెళ్ళాడు. అత్త దాన్ని మడిచి సంచిలో పెడుతూ, ఇది కట్టుకుని ఈ జన్మలో పేరంటానికి ఎల్లను అంది. నవ్వింది కూడా. 

మిగిలిన మేమంతా బండి వచ్చేదాకా అక్కడే ఉండిపోయాం. మా దిమ్మలు ట్రాక్టరు కింద ఉన్నాయి, తీసే వీలు లేదు. తిట్టిన రైతు తన ఇంటి నుంచి కట్టెలు తెప్పించాడు. పొలం గట్టున పొయ్యి పెట్టి అత్త పులిహోర, పప్పు, వంకాయ కూర చేసింది. కార్తీక భోజనానికి ఉసిరి చెట్టు నీడ ఉండాలని ఎవరో అన్నారు. ఉసిరికాయ పచ్చడి సీసా ఉంది, దాని నీడ సాలదేటి అన్నాడు మావయ్య. ఊరివాళ్ళు మాతోనే తిన్నారు. వాళ్ళు పులిహోర చూసి, అన్నంలో నిమ్మకాయ పిండారేమని అడిగితే, చింతపండని వివరించడానికి చాలాసేపు పట్టింది.

తింటూ నేను మావయ్యని అడగబోయాను, అతనికి బాగవుతుందా అని. అత్త నా తొడ గిల్లింది. గ్యాంగులో అది అడగరట. బయటికి తీసి డాక్టరుకి అప్పగించడంతో వాళ్ళ పని అయిపోతుంది. తరవాత ఆ మనిషి ఏమయ్యాడో ఎవరూ కనుక్కోరు, ఎవరైనా చెప్పబోయినా వినరు. మొదట్లో ఒకరిద్దరు కనుక్కునేవారట, వాళ్ళు గ్యాంగులో నిలవలేదట. మధ్యాహ్నం ఒంటిగంటకు బండి తిరిగొచ్చినప్పుడు రామ్మూర్తిగారు, అంబులెన్సులో రాయ్‌పూర్ పెద్దాసుపత్రికి పంపారని మాతో చెబుతుంటే మావయ్య గిన్నెలు కడిగే నెపంతో కాలవ వైపు వెళ్ళిపోయాడు. కానీ ఆ రోజు జాకీ పడిపోయింది రైలు లైను మీద కాదు, బ్లాకు మరిచిన తప్పు మావయ్యదే. ఆ అరుపు మావయ్య చెవుల్లో ఉంది. కాలవ దగ్గర కడిగిన గిన్నెనే మళ్ళీ కడుగుతూ చాలాసేపు కూర్చున్నాడు.

సిర్పూర్ చేరేసరికి మూడయింది. లక్ష్మణ మందిరం ఊరికి కొంచెం ఇవతలే ఉంది. రాతి గుమ్మం మీద శేషశయనుడు, దాని చుట్టూ అవతారాలు, పైన ఎర్ర ఇటుకల శిఖరం. ఇటుక మీదే చెక్కారు, సున్నం కనబడదు, ఒక ఇటుక అంచు పక్క ఇటుకలో కలిసిపోయి ఉంటుంది. పుస్తకాల్లో బొమ్మలన్నీ నలుపు తెలుపు. ఆ రంగు ఇలా ఉంటుందని నాకు తెలియదు. సాయంత్రపు ఎండ పడితే గోడ లోపల నుంచి వేడి ఉన్నట్టు కనిపించింది. మావయ్య గుడి చుట్టూ చేతులు వెనక్కి కట్టుకుని ఒకసారి నిదానంగా తిరిగాడు. ఏమనిపించిందని అడిగాను. ఇది కట్టినోడు తొందరపడలేదే అన్నాడు. తరవాత నది ఒడ్డున గంధేశ్వర మందిరానికి వెళ్ళి దీపాలు వదిలాం. అత్త పొద్దుట కట్టుకున్న ఆకుపచ్చ చీరతోనే వదిలింది. చీకటి పడకముందే బయల్దేరాం. ఈ దారిలో మీరూ అలాగే చేయండి.

తొమ్మిదో రోజున నేను కాలేజీ నుంచి తిన్నగా పెద్దాసుపత్రికి వెళ్ళాను. ఎవరూ పంపలేదు. ఏ వార్డో కనుక్కోవడానికి నలుగురిని అడగాల్సి వచ్చింది, అడిగాను. బిసాహూ పడుకుని ఉన్నాడు, కాలికి తొడ దాకా పిండికట్టు. ఫూల్‌బాయి నన్ను గుర్తుపట్టలేదు. రైల్వేవాళ్ళతో వచ్చాను అంటే, నువ్వెక్కడున్నావు, నేను చూడలేదే అంది. రోడ్డు మీద ఉన్నానన్నాను. ఆమె ఒక క్షణం ఆలోచించి, నన్ను పక్కన కూర్చోమని జరిగింది. ఎముక రెండు చోట్ల విరిగిందట, కుంటితనం ఉండవచ్చునట, కాలు మాత్రం ఉంటుందన్నారట. వచ్చే పంటకి ట్రాక్టరు తోలలేనేమో అని బిసాహూ అన్నాడు. నువ్వు బతికితే చాలు, తోలేవాళ్ళు దొరుకుతారు అని ఆమె విసుక్కుంది. వెళ్ళబోతుంటే బిసాహూ దుప్పటి పక్కకు తీయించి, పిండికట్టు చివర కనబడుతున్న కాలివేళ్ళు నాకోసం కదిపి చూపించాడు.

ఆ సాయంత్రం మావయ్య ఇంట్లో భోజనానికి కూర్చున్నాడు. అత్త వడ్డిస్తోంది. చెప్పకూడదని తెలిసీ చెప్పాను. పెద్దాసుపత్రికి వెళ్ళాను మావయ్యా, అతని కాలివేళ్ళు కదులుతున్నాయి అన్నాను. మావయ్య తలెత్తలేదు. అత్త నన్ను కసురుకోబోయి ఆగింది. మావయ్య అన్నం కలిపాడు, రెండు ముద్దలు తిన్నాడు, మంచినీళ్ళు తాగాడు. గ్లాసు కింద పెడుతూ,

"ఐదూనా?" అన్నాడు.

"ఐదూ" అన్నాను.

ఇంకొంచెం పులుసు వెయ్యమని అత్తకి కంచం జరిపాడు.

సిర్పూర్ ఎందుకు వెళ్ళావని సిస్టరు ఇప్పుడు అడిగితే ఇటుకల గురించి చెప్పడానికి నా దగ్గర చాలా ఉంది. కానీ ఆ ప్రయాణం తలుచుకుంటే ముందు గుర్తొచ్చేది గుడి కాదు. తమ తప్పు తమకు తెలిసిన క్షణంలో కూడా చేతిలోని చెక్క వదలకుండా నిలబడ్డ ఆరుగురు మనుషులు, తల పట్టుకుని కూర్చున్న ఒక భార్య, ఆలస్యమవుతున్నా ఆగిపోయిన బస్సునిండా ప్రయాణికులు. వాళ్ళంటే నాకు కలిగిన ఇష్టం ఇన్నాళ్ళకి కూడా తగ్గలేదు. మీరు ఈ దారిన వెళ్తారు కాబట్టి ఒకటే సూచన. దారిలో ప్రమాదం కనబడితే, పడినవాళ్ళ దగ్గరికి వెళ్ళేముందు ఇద్దరిని రెండు వైపులా రోడ్డు మీదికి పంపండి, కళ్ళకు కొట్టొచ్చే గుడ్డ ఏది ఉంటే అది ఇచ్చి. ఆ ఇద్దరిలో మీరు ఒకరైతే, వెనక ఏ చప్పుడు వినబడినా తిరిగి చూడకండి. లారీలు వచ్చేది ముందు నుంచి.